ఎయిర్ పంపు చప్పుడు ఆగాలంటే ఇంట్లనే డబ్బా ఎట్ల కొట్టుకోవాలె?

హన్మకొండ_గప్పీ:
అన్నలు నమస్తే. మాది హన్మకొండ, కిరాయి ఇల్లు, ఉన్నయే రెండు రూములు కాబట్టి అక్వేరియం పండుకునే రూములనే పెట్టినం. రెండు ఫీట్ల ట్యాంకు, గప్పీ, మాలీ చేపలు ఉన్నయి. నీళ్ళు సాఫ్ చేసే స్పాంజ్ ఫిల్టరు ఒకటి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోను ఒకటి, రెంటికి కలిపి రెండు పైపుల ఎయిర్ పంపు ఒకటి. పంపు స్టాండు కిందున్న రేకు మీద ఉంటది. పగటిపూట ఏం తెల్వది గని రాత్రి అందరు పండుకున్నంక గుయ్యిమని ఒకటే మోత, మా అమ్మకు నిద్ర పడ్తలేదు, రాత్రిపూట బంద్ చెయ్యిరా అంటున్నది.

ప్లైవుడ్ ముక్కలున్నయి, చిన్న డబ్బా కొట్టి లోపల థర్మాకోల్, కోడిగుడ్ల అట్టలు అతికిచ్చి సందులన్ని ఎం-సీల్ తోటి మూసేసి పంపును అండ్ల పెడ్దామనుకుంటున్న. గట్ల చేస్తే చప్పుడు ఆగుతదా? పంపు వేడెక్కి ఖరాబైతదా? రాత్రి బంద్ పెడితే చేపలకు ఏమన్న అయితదా? చేసినోళ్ళు జర చెప్పుండ్రి.

కాజీపేట_ట్యాంకు:
తమ్మీ, ముందు బంద్ పెట్టే ముచ్చట చెప్త, అదొక్కటి మాత్రం చెయ్యకు. స్పాంజుల ఉండే బ్యాక్టీరియాకు గాలి ఆడుతుండాలె, చేపల పెంట నుంచి వచ్చే అమ్మోనియాను సాఫ్ చేసేది అదే. ఇంకోటి, నీళ్ళు వేడైన కొద్ది ఆక్సిజన్ తక్కువ పడ్తది, 20 డిగ్రీలప్పుడు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాక ఉంటే 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే. మన దిక్కు మే నెల ఎట్లుంటదో నీకు చెప్పాల్నా. ట్యాంకుల మొక్కలుంటే రాత్రిపూట అవి కూడ ఆక్సిజన్ తీసుకుంటయి, అంటే చేపలకు గాలి ఎక్కువ కావాల్సింది రాత్రే, మనం బంద్ పెడ్దామనుకునేది కూడ రాత్రే.

ఇగ చప్పుడు సంగతి. డబ్బా కొట్టే ముందు పంపు నడుస్తుండంగనే చేతితోటి రేకు మీదికెళ్ళి పైకి లేపి చూడు. మోత ఒక్కసారి తగ్గితే మొత్తుకునేది పంపు కాదు, కింద రేకు. తర్వాత పైపులు పీకి చూడు, అప్పుడు కూడ సౌండు తగ్గితే ఎయిర్ స్టోను పూడుకపోయి ఉండొచ్చు. బోరు నీళ్ళు పోసేటోళ్ళకు ఇది మామూలే, సున్నం పట్టి రంధ్రాలు మూసుకపోతయి, పంపు గాలిని బలవంతంగ తొయ్యాల్సి వస్తది, చప్పుడు పెరుగుతది, లోపలి రబ్బరు కూడ తొందరగ చినుగుతది. స్టోనును ఒక రాత్రి వెనిగర్ల నానబెట్టి కడుగు, లేకుంటే కొత్తది వెయ్యి, పెద్ద ఖర్చేం కాదు.

హన్మకొండ_గప్పీ:
చూసిన అన్న. లేపంగనే సగం కన్న ఎక్కువనే తగ్గింది. పైపులు పీకినా కొంచెం మారింది. మరి డబ్బా అవసరమే లేదా? అమ్మకైతే ఆ మిగిలిన గుయ్యి కూడ వద్దు.

కరీంనగర్_సిక్లిడ్:
డబ్బా మంచిదే, కొట్టు, గని నువ్వు రాసిన పద్ధతిల కాదు. ఈ పంపులల్ల తిరిగే మోటరు ఉండది, కరెంటు అయస్కాంతం ఉంటది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లోపలి చెయ్యి సెకనుకు 50 సార్లు అటు ఇటు ఊగి గాలిని తోసే రబ్బరు పొరను (డయాఫ్రం) కొడ్తది. అందుకే ఆ చప్పుడు 50, 100 గట్ల లావు గొంతుతోటి వస్తది. 100 హెర్ట్జ్ చప్పుడుకు ఒక్కొక్క అల మూడు మీటర్ల పైనే పొడుగుంటది, దాన్ని అంగుళం ఫోము గని, గుడ్ల అట్టలు గని ఏం పీల్చుకుంటయి? థర్మాకోల్ అయితే ఇంక దండుగ, బరువుండది, చప్పుడును ఆపది, పైకెళ్ళి వేడిని లోపలనే పట్టి ఉంచుతది. లావు చప్పుడును ఆపేది బరువు, ఇంకా పంపు దేనికీ గట్టిగ తగలకుండ ఉండుడు.

నేనైతే ఇట్ల చెప్త. కింద ఒక మెత్తని ఫోము ముక్క, దాని మీద గ్రానైట్ ముక్క (మా కరీంనగర్ల కటింగ్ కాడ పనికిరాని ముక్కలు మస్తు దొరుకుతయి, హన్మకొండల బండల షాపుల అడిగినా ఇస్తరు), దాని మీద మళ్ళ ఫోము, అప్పుడు పంపు. గిదంత స్టాండు మీద కాకుండ గోడ పక్కన వేరే స్టూలు మీద పెట్టు. సగం పని ఇక్కడనే అయిపోతది, కొందరికైతే డబ్బా అవసరమే పడది, అందుకే ముందు గిది చేసి ఒక రాత్రి విని చూడుమంట. అప్పటికీ వినబడ్తే 12 ఎంఎం ప్లైవుడ్ తోటి డబ్బా చెయ్యి, మూలలకు ఫెవికాల్ పెట్టి స్క్రూలు బిగియ్యి. సైజు పంపు కన్న మస్తు పెద్దగ ఉండాలె, ఇరుకుగ చెయ్యకు. లోపల అంగుళం ఫోము రెండు మూడు దిక్కులకు చాలు, అది సన్న గరగర సౌండును తగ్గిస్తది. మూత అంచుకు తలుపులకు అతికిచ్చే ఫోము పట్టీ వెయ్యి.

గాలికి మాత్రం రంధ్రం ఉండాల్సిందే, అంత ఎం-సీల్ పెట్టి మూస్తే పంపు దేన్ని పీలుస్తది? నిమిషానికి మూడు నాలుగు లీటర్ల గాలే కదా, వేలు పట్టేంత రంధ్రం చాలు. గని ఆ రంధ్రానికి లోపల ఒక చెక్క పట్టీ అడ్డం పెట్టి గాలి ఒక మలుపు తిరిగి వచ్చేటట్టు చెయ్యి, తిన్నగ ఉంటే చప్పుడు ఆ రంధ్రంలకెళ్ళే బయటికొస్తది.

గోదావరిఖని_వాటర్:
వేడి గురించి ఒక మాట. పంపు పీల్చే గాలి తోటి డబ్బా చల్లబడ్తదని చానమంది అనుకుంటరు, అంత తక్కువ గాలికి అది కాదు. చిన్న పంపు తినేది నాలుగైదు వాట్లు, ఆ వేడి చెక్క గోడలకెళ్ళే బయటికి పోవాలె, అందుకే డబ్బా పెద్దగ ఉండాలన్న అన్న మాట కరెక్టు. ఎండాకాలం మధ్యాహ్నం మూత తీసి పెట్టు, చెయ్యి పెట్టి చూస్తే పంపు పట్టుకోరానంత వేడుంటే అప్పుడు డబ్బా వద్దు. పాత బొంతలు, దూది పంపు చుట్టు చుట్టకుండ్రి, దూది నూగు పంపు కిందున్న ఫిల్టరుకు పట్టి గాలి బందవుతది, కరెంటు వస్తువు చుట్టు దూది అసలే మంచిది కాదు. మన వరంగల్ కొత్తవాడల నేసే దర్రీ (జంపఖానా) ముక్క అయితే స్టూలు కింద పరువొచ్చు.

పంపు ట్యాంకు నీళ్ళ కన్న కిందికి ఉంటే రెండు పైపులకు నాన్ రిటర్న్ వాల్వులు తప్పకుండ పెట్టాలె. కరెంటు పోయినప్పుడు నీళ్ళు పైపులకెళ్ళి ఎనుకకు వచ్చి పంపులకు, డబ్బాలకు పోతయి. వాల్వును నోటితోటి ఊది చూడు, గాలి పోయే దిక్కు ట్యాంకు వైపుండాలె.

హన్మకొండ_గప్పీ:
మంచిగ సమజయింది అన్న. స్టోను నానబెట్టిన, గ్రానైట్ ముక్క రేపు తెస్త. పైపులు డబ్బా బయటికి తెచ్చేకాడ రంధ్రం టైటుగ చెయ్యాల్నా, లూజుగనా?

కరీంనగర్_సిక్లిడ్:
పైపు కన్న రంధ్రం పెద్దగ ఉండాలె తమ్మీ, చుట్టు ఫోము కుక్కు, పైపు చెక్కకు రాకుతే అదురు మళ్ళ డబ్బాకు ఎక్కుతది. పైపు కూడ గట్టి ప్లాస్టిక్‌ది కాకుండ మెత్తని సిలికాన్‌ది తీసుకో, ట్యాంకు అద్దానికి తగిలేకాడ కూడ ఒక చిన్న ఫోము ముక్క పెట్టు.