రోజువారీ పనులకు, వెబ్‌కు పైథానా, రూబీనా?

ప్రశ్న (బెంగళూరు):
మారతహళ్లిలోని మా చిన్న కార్యాలయంలో వెబ్‌సైటు అంతా జావా అనే ప్రోగ్రామింగ్ భాషలోనే ఉంది. లాగ్ ఫైళ్లను (సర్వర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఫైళ్లు) జల్లెడ పట్టడానికి, ఇన్‌వాయిస్ ఫైళ్ల పేర్లు మార్చడానికి కూడా జావా రాయడం పిచ్చుకపై బ్రహ్మాస్త్రంలా ఉంది. పైథాన్, రూబీ భాషలలో దేనికి మారడం మంచిదో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1:
1991లో వెలువడిన పైథాన్ చాలా లినక్స్ యంత్రాల్లో ముందే ఉంటుంది కనుక, చిన్న పనిముట్లతో మొదలుపెట్టి, చేయి తిరిగాక జాంగోతో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే చట్రం) వెబ్ వైపు వెళ్లడం మేలు. నడుస్తున్న జావాను మాత్రం ఇప్పుడే కదిలించకండి.

జవాబు 2 (చెన్నై):
మేము రూబీ ఆన్ రైల్స్ (రూబీలో వెబ్‌సైట్లు కట్టే చట్రం) వాడుతున్నాము. ఫారాలు, పట్టికలు త్వరగా తయారవుతాయి. అయితే జావాలో కంపైలర్ (ప్రోగ్రాంను నడిపేముందే తర్జుమా చేసే సాధనం) పట్టుకునే డేటా రకాల తప్పులు, అంటే అంకె ఉండాల్సిన చోట మాట ఉండటం వంటివి, ఇక్కడ ప్రోగ్రాం నడిచేటప్పుడే బయటపడతాయి. టెస్టులు రాయని ఒక భాగం వల్ల మాకు శివరాత్రి కాకుండానే జాగారమైంది.

జవాబు 3:
ఇన్‌వాయిస్‌లలో తెలుగు పేర్లుంటే జాగ్రత్త. ‘తెలుగు’ మనకు మూడక్షరాలే అయినా, గుణింతపు గుర్తులు యూనికోడ్‌లో (కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే పద్ధతి) విడి సంకేతాలు కావడంతో, ఆ మాట పొడవు ఆరని పైథాన్ చెబుతుంది. పేర్లను కత్తిరించే స్క్రిప్టులో ఈ సంగతి తెలియక నేను చాలా కొమ్ములు పోగొట్టాను.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మా ఇన్‌వాయిస్‌లలో కన్నడ పేర్లూ ఉన్నాయి; ముందు పైథాన్‌తో వాటినే పరీక్షిస్తాను.