అమరావతి శిల్పాలు: కొల్లగొట్టారా, తరలించారా, పట్టుకుపోయారా?

పిల్లల పత్రికకి లండన్‌లో ఉన్న అమరావతి పాలరాతి శిల్పాల మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. ఒకచోట "కొల్లగొట్టారు" అని, ఇంకోచోట "తరలించారు" అని చదివాను. ఏ క్రియ వాడమంటారు?

*

ముందు పాలరాయి సంగతి తేల్చేద్దామండీ. అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. కాస్త ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. దొరలు "మార్బుల్స్" అని పేరు పెడితే మనం గుడ్డిగా తెనిగించుకున్నాం.

ఇక కొల్ల. కన్నడ కొళ్ళె, తమిళ కొళ్ళై దీని తోబుట్టువులు. దండెత్తి వచ్చి దోచుకోవడం. 1897లో బ్రిటిష్ సైన్యం ఆఫ్రికాలోని బెనిన్ నగరం మీద పడి ఇత్తడి ఫలకాలు ఎత్తుకుపోయింది, అది కొల్ల. అమరావతి కథ వేరు. ఈ రాళ్లు అక్కడి బౌద్ధ స్తూపానివి. ఊళ్లోవాళ్లకి అది స్తూపం కాదు, దీపాలదిన్నె. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కొత్త ఊరు కట్టిస్తూ దిన్నె తవ్విస్తే రాళ్లు బయటపడ్డాయి. కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నపుబట్టీల పాలయ్యాయి. 1816లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషుల్ని పెట్టి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు. 1859లో అక్కణ్ణుంచి ఓడెక్కాయి. బ్రిటిష్ మ్యూజియానికి చేరింది 1880లో. అంచేత "తరలించారు" చాలు.

*

మాస్టారూ, తరలించారంటే ఒక గోదాములోంచి ఇంకో గోదాముకి బస్తాలు మార్చినట్టుంది. ఏలేది వాళ్లే, అడిగేది వాళ్లే, సరేననేదీ వాళ్లే. "పట్టుకుపోయారు" అనండి. సైన్యం రానక్కర్లేదు, మనల్ని అడగలేదన్న ధ్వనీ ఉంది.

*

సున్నమైపోయే రాళ్లని కాపాడారు కదా, ఆ మాటా రాయాలిగా?

*

రాయండి, నిజమే కాబట్టి. వెంకటాద్రి నాయుడు గారి తవ్వకం సంగతీ దాచొద్దు. కానీ వరదలో కొట్టుకుపోతున్న పక్కింటి దూడని ఒడ్డుకి లాగినవాడు, దాన్ని తన కొట్టంలోనే కట్టేసుకుంటే?

*

తిరిగొచ్చేటప్పటి క్రియ కూడా చూడండి. ప్రకాశం జిల్లా చందవరంలో దొంగలెత్తుకుపోయిన బౌద్ధ శిల్పఫలకాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2016లో మన దేశానికి ఇచ్చేసింది. అది దొంగసొత్తు, "అప్పగించారు" అనాలి. "బహూకరించారు" అంటే నాకు ఒళ్లు మండుతుంది. బ్రిటిష్ మ్యూజియానికి 1963 నాటి చట్టం అడ్డం, ఏవో కొన్ని సందర్భాల్లో తప్ప వస్తువుల్ని వదులుకోకూడదు. అరువు మాత్రం ఇవ్వొచ్చు. అంటే మన రాళ్లు మనకే ఎరువు, అంటే అరువు! "ఎరువు సొమ్ము బరువు చేటు" అన్న సామెత ఉండనే ఉంది.

*

అన్నీ లండన్ మీదికే తోస్తున్నారు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఎన్నో అమరావతి శిల్పాలున్నాయి. వాటిని ఎవరు పట్టుకుపోయినట్టు? అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాంగా. ఆ క్రియ దొరికితే నాకూ చెప్పండి.

*

అందరికీ దండాలు. "పాలరాతి" కొట్టేశాను. "ఇలియట్ రాళ్లని మద్రాసు చేర్చాడు, అక్కణ్ణుంచి కొన్నిటిని లండన్ పట్టుకుపోయారు" అని రాశాను. ఎగ్మూరు సంగతి ఇంకో వ్యాసం అడుగుతోంది.