సమస్య: “పిట్ట మింగు పండు చెట్టు మింగె”

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇది, పై మూడు పాదాలు మీరు పూరించాలి. పిట్ట తిన్న పండులోని గింజ మొలిచి చెట్టునే మింగిందని భావం. పిట్ట–చెట్టు ప్రాసయతి (రెండో అక్షరాలు కలిసే యతి). మింగింది వెలుతురు కోసమా, నీటి కోసమా, చోటు కోసమా పూరణలో తేలాలి.

తాటివనం:
తాటిమట్టసందు దాపున మొలకెత్తి
వేళ్ళు దించి నేల వెదకి పట్టి
గొంతు నులిమి పైన గొడుగుగా కప్పుచు
పిట్ట మింగు పండు చెట్టు మింగె

నిర్వాహకుడు: రావి అని చెప్పకుండానే తెలిసింది. రెండో పాదం ఎంత బాగుందో! వేరు నేలకు అందేదాకా ఆ మొక్క మట్టల్లో చేరిన దుమ్ము, తేమ మీదే బతుకుతుంది, అందిన తర్వాతే ఊపందుకుంటుంది. ‘గొంతు నులిమి’ మాత్రం తాటికి చెల్లదు. వేప లాంటి చెట్టు ఏటా లావెక్కుతుంది. చుట్టిన వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని వల కడితే బెరడు నొక్కుకుపోయి, ఆకులు చేసిన ఆహారం కిందికి దిగదు. తాటిమాను అలా లావెక్కదు, దాని నాళాలు కాండమంతా చెదిరి ఉంటాయి. ఉరి బిగియదు. తాటికి ఉన్నది ఒక్కటే మొవ్వు (తలమీది చిగురు), దానికి ఎండ తగలకపోవడమే దెబ్బ.

తాటివనం: సరిచేశానండి. మూడో పాదం: “మొవ్వు మీది యెండ మొత్తము కాజేసి”.

అంటుకొమ్మ:
మావికొమ్మ పైన మలముతో జిగురంటి
బెరడు దొలిచి నీరు పీల్చుకొనుచు
బదనికగను పెరిగి పచ్చగా తానుండి
పిట్ట మింగు పండు చెట్టు మింగె

నిర్వాహకుడు: ‘పచ్చగా తానుండి’ పద్యానికి ప్రాణం. బదనిక, అంటే వేరే చెట్టు కొమ్మకు అంటి బతికే మొక్క, తన ఆకులతో తానే వండుకుంటుంది, మామిడి నుంచి లాగేది ముఖ్యంగా నీరు, లవణాలు. ఎద్దడిలో మామిడి పొదుపు చేస్తున్నా ఇది ఆవిరి వదులుతూనే ఉంటుంది, అందుకే అంటిన చోటికి అవతల కొమ్మ ఎండుతుంది. పైకొమ్మలు విరిస్తే లోపలి వేరు మళ్ళీ చిగురిస్తుంది. పండు రాకముందే, అంటిన చోటికి జానెడు దిగువన కొమ్మతో సహా కోయాలి.

పొదరిల్లు: నా మొదటి పాదం చూడండి: “అడవినేల నిండ లాంటానా పొదలుగా”.

నిర్వాహకుడు: ‘లాంటానా’ (అడవుల్లో అల్లుకునే కలుపు పొద) మూడు గురువులు, ఇక్కడ రావలసిన ఇంద్రగణం కాదు, యతీ తప్పింది. “అడవినేల నిండ నల్లిన పొదలుగా” అంటే రెండూ కుదురుతాయి. పెద్ద చెట్టును లాంటానా చంపదు కదా అని ఎవరైనా అడగవచ్చు. దాని నీడలో మొలకలు నిలవవు, అది మింగేది రేపటి చెట్టును. మిగతా పాదాల్లో ఆ మొలకను చూపించండి.