జాకో పాస్టోరియస్ దగ్గర బేస్ గిటారిస్టు నేర్చుకోవలసినది వేగమేనా? ఫ్రెట్‌లెస్ కొనే ముందు ఒక సందేహం

ప్రశ్న: నాలుగో తీగ, షోలింగనల్లూరు

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. ఉద్యోగరీత్యా నాలుగేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను, ఆదివారాలు ఇక్కడి తెలుగు చర్చిలో ఆరాధన గీతాలకు బేస్ గిటార్ వాయిస్తాను. అమెరికన్ జాజ్ బేసిస్టు జాకో పాస్టోరియస్ 1976లో తన పేరుతోనే విడుదల చేసిన తొలి ఆల్బమ్‌ను విన్న నాటి నుంచి నాకు మరో బేసిస్టు చెవికి ఆనడం లేదు. ఆరు నెలలుగా రాత్రిళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అందులోని ‘డోనా లీ’ని సాధన చేస్తున్నాను, ఇప్పుడు దాదాపు అసలు వేగానికి చేరుకున్నాను.

అయితే పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మా డ్రమ్మర్ నన్ను పక్కకు పిలిచి, ‘అన్నా, వేళ్లు బాగా తిరుగుతున్నాయి గానీ పాట కింద నేల లేదు’ అన్నాడు. ఆ మాట నన్ను వారమంతా వెంటాడింది. జాకో వాయిద్యంలో నేను పట్టుకోవలసిన దాన్ని వదిలి మరేదో పట్టుకున్నానా? మరొక సంగతి, ఆయనలాగా ఫ్రెట్లు, అంటే మెడ మీది లోహపు మెట్లు, లేని ఫ్రెట్‌లెస్ బేస్ ఒకటి కొనాలని డబ్బు కూడబెట్టుకుంటున్నాను. దానికి ఇది సమయమేనా? ఆయనది దైవదత్తమైన ప్రతిభ అన్న మాట కాకుండా, రేపటి నుంచి సాధనలో ఏం మార్చుకోవాలో చెప్పగలవారు చెప్పండి.

జవాబు: పాత కోడంబాకం

తమ్ముడూ, ముందుగా ఆ డ్రమ్మర్‌కు ఒక మంచి ఫిల్టర్ కాఫీ ఇప్పించు. ఇంత సూటిగా చెప్పే తోటి వాద్యకారుడు దొరకడం కష్టం.

జాకో మొదట డ్రమ్మర్ అన్న సంగతిని అతని అభిమానులు చాలామంది ఒక విశేషంగా చెప్పుకుని వదిలేస్తారు, కానీ నా దృష్టిలో అతని వాయిద్యానికంతటికీ మూలం అక్కడే ఉంది. ఫుట్‌బాల్ ఆటలో మణికట్టుకు దెబ్బ తగలడంతో డ్రమ్స్ వదిలి బేస్ పట్టుకున్నాడు గానీ, లోపలి డ్రమ్మర్ మాత్రం ఎక్కడికీ పోలేదు. అతను సభ్యుడిగా ఉన్న వెదర్ రిపోర్ట్ అనే జాజ్ బృందం 1977లో విడుదల చేసిన ‘హెవీ వెదర్’ ఆల్బమ్‌లో ‘టీన్ టౌన్’ అనే రచన ఉంది. దానిలో బేస్‌తో పాటు డ్రమ్స్ కూడా అతనే వాయించాడు. అది తెలిశాక మళ్లీ విను, బేస్ పలికే ప్రతి స్వరం ఎక్కడ మొదలైందన్నదే కాకుండా ఎక్కడ ఆగిందన్నది కూడా ఎంత కచ్చితంగా ఉందో నీ చెవికే తెలుస్తుంది.

ఆగడం అన్నాను చూడు, అసలు పాఠం అదే. మృదంగం వాళ్ల లెక్కలో చెప్పాలంటే, ఒక్కొక్క దెబ్బను ‘తకధిమి’ అని నాలుగుగా విడగొట్టి, ఆ నాలుగింటిలో ఒకటో రెండో మాత్రమే స్వరంగా పలికించి, మిగిలిన వాటిని శ్రుతి లేని ‘టక్కు’ శబ్దాలుగా వదిలేస్తాడు. మనవాళ్లు ఘోస్ట్ నోట్స్ అనేది వాటినే. ఎడమచేతి వేళ్లను తీగ మీద నొక్కకుండా ఊరికే ఆనించి కుడిచేత్తో మీటితే ఆ శబ్దం వస్తుంది. ఈ పద్ధతి అతను గాలిలోంచి తీసుకురాలేదు. అతనికంటే ముందు తరానికి చెందిన బేసిస్టు జెర్రీ జెమాట్ దగ్గర అతను తీసుకున్నది చాలా ఉంది. 1985లో జాకో చేసిన బోధనా వీడియోలో ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడిగేది ఆ జెమాటే. ఆ వీడియోలో విన్యాసాలు చూసి ముగ్ధులైనవాళ్లను చాలామందిని చూశాను గానీ, అతని ఎడమచెయ్యి తీగలను ఎంతసేపు నోరు మూయించి ఉంచుతోందో గమనించినవాళ్లను ఒకరిద్దరినే చూశాను.

కాబట్టి రేపటి నుంచి ఒక పని చెయ్యి. లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టు, ఒకే స్వరం తీసుకో. ‘త’ మీద మీటి ‘క’ మీద ఆపు, అలా పది నిమిషాలు. తరువాత ‘ధి’ మీద ఆపు. విసుగు పుట్టించే పనే. నేను స్టూడియోల్లో వాయించిన రోజుల్లో వాద్యబృందమంతా కలిసి ఒకే టేకులో పాట పూర్తి చేయవలసి వచ్చేది, బేస్ స్వరం ఒకటి అరక్షణం ఎక్కువ మోగితే నలభై మంది మళ్లీ మొదటి నుంచి వాయించాలి. వయొలిన్ వాళ్లు వెనక్కి తిరిగి చూసే ఆ చూపు నాకు ఏ పుస్తకమూ నేర్పని మ్యూటింగ్, అంటే తీగ మోతను ఆపడం, నేర్పింది.

ఇక ‘డోనా లీ’ విషయం. అది 1947లో జాజ్ సాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ బృందం రికార్డు చేసిన బాణీ, సాక్సఫోన్, ట్రంపెట్ ఊపిరికి తగినట్టు కట్టినది. జాకో దాన్ని బేస్ మీద వాయించినప్పుడు తోడున్నది డాన్ అలియాస్ కాంగా డ్రమ్స్ మాత్రమే. పియానో లేదు, గిటార్ లేదు. అయినా కింద కార్డులు, అంటే కలిసి మోగే స్వరాల గుంపులు, కదులుతున్నట్టే మనకు వినిపిస్తుంది, ఎందుకంటే ప్రతి వాక్యంలోనూ బరువు పడే చోట ఆ కార్డుకు ప్రాణమైన స్వరమే పడుతుంది. నువ్వు ఆరు నెలలుగా బాణీని వేళ్లకు ఎక్కించావు గానీ కార్డులను చెవికి ఎక్కించావా? ఆ కార్డుల వరస 1917 నాటి ‘ఇండియానా’ అనే పాటది. ముందు ఆ వరసను నెమ్మదిగా, కార్డుకు రెండేసి స్వరాలతో వాయిస్తూ, బాణీని నోటితో పాడు. పాడలేకపోతే ఇంకా రానట్టే లెక్క.

జవాబు: మైలాపూర్ వైణికురాలు

నేను వీణ నేర్పుతాను. మా అబ్బాయి ఉద్యోగానికి వెళ్తూ ఇంట్లో వదిలేసిన బేస్ గిటార్‌ను కుతూహలం కొద్దీ పట్టుకుని, కొన్నాళ్లకు ఫ్రెట్‌లెస్ కూడా కొనుక్కున్నాను, కనుక రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను.

వీణకు మైనంలో అమర్చిన 24 మెట్లు ఉంటాయి. తీగను పక్కకు లాగి గమకం పలికించినా, తిరిగి వచ్చి ఆనడానికి ఒక మెట్టు ఉంటుంది. గోటువాద్యానికి ఆ ఆధారం లేదు, అక్కడ జారు ఎంత అందమో అపశ్రుతి అంత సులభం. ఫ్రెట్‌లెస్ బేస్ ఈ రెండో దారికి చెందినది. మామూలు బేస్ మీద మీరు ఫ్రెట్‌కు కాస్త వెనుక ఎక్కడ నొక్కినా స్వరం సరిగానే పలుకుతుంది, కానీ ఫ్రెట్లు లేనప్పుడు వేలు సరిగ్గా ఆ గీత ఉండవలసిన చోటనే పడాలి. 34 అంగుళాల తీగ మీద మొదటి అర్ధస్వరానికి దాదాపు 48 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. పన్నెండో స్థానం దాటాక అదే అర్ధస్వరానికి 24 మిల్లీమీటర్లే. అంటే కింద చెవి క్షమించిన మిల్లీమీటరు తప్పు, పైకి వెళ్లేసరికి రెట్టింపై వినిపిస్తుంది. ఈ తప్పును దాచుకోవడానికి చాలామంది ప్రతి స్వరాన్నీ కంపింపజేస్తారు. జాకో వాయిద్యంలో నాకు అన్నిటికంటే నచ్చినది అతను అలా చేయకపోవడమే. స్వరం ముందు నిలకడగా నిలుస్తుంది, అవసరమైతేనే తరువాత కదులుతుంది. మా గురువుగారు దీన్నే ‘స్వరం మీద కూర్చుని తరువాత ఊగు’ అనేవారు.

హార్మోనిక్స్ సంగతి కూడా చెప్పాలి. అదే ఆల్బమ్‌లోని ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ’లో అతను తీగను నొక్కకుండా కొన్ని బిందువుల వద్ద వేలితో తాకి ఉపస్వరాలను పలికిస్తాడు. తీగ సగంలో తాకితే పై షడ్జం, మూడో వంతులో తాకితే ఆ పై పంచమం, నాలుగో వంతులో తాకితే రెండు స్థాయిల పైని షడ్జం, అయిదో వంతులో తాకితే దానిపై అంతర గాంధారం వస్తాయి. ఈ చివరిది నాలుగో ఫ్రెట్‌కు కొద్దిగా వెనుక దొరుకుతుంది. అది పియానో గాంధారం కంటే, అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే దాదాపు పద్నాలుగు భాగాలు తక్కువగా ఉంటుంది. తంబూరాలో తనంతట తాను పలికే గాంధారం అదే. దీనికి ఫ్రెట్‌లెస్ అక్కరలేదు, మీ దగ్గరున్న బేస్ మీద ఈ రాత్రే ప్రయత్నించవచ్చు. తంబూరా శ్రుతి పెట్టుకుని ఒక్కొక్క స్వరాన్ని రెండు నిమిషాలు నిలపడం అలవాటయ్యే వరకు డబ్బును బ్యాంకులోనే ఉంచండి.

జవాబు: జేమర్సన్ పక్షం

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. పాట కింద నేల కావాలంటే జాకో కంటే ముందు బేసిస్టు జేమ్స్ జేమర్సన్‌ను వినాలి. మోటౌన్ అనే అమెరికన్ రికార్డుల సంస్థ పాటలకు కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో మీటుతూ ఆయన వేసిన బేస్, గాయకుడికి ఎక్కడా అడ్డురాకుండానే పాటను నడిపిస్తుంది. జాకోను చర్చిలో ఉన్నదున్నట్టు దింపితే సమాజం పాడడం మానేసి మిమ్మల్నే చూస్తుంది, అది ఆరాధనకు మంచిది కాదు. జాకో తోడు వాయిద్యంగా ఎలా ఒదిగాడో వినాలనుకుంటే గాయని జోనీ మిచెల్ 1976 నాటి ‘హెజీరా’ ఆల్బమ్ తీసుకోండి. ఆమె వాక్యం ముగిసే చోట అతను మొదలుపెడతాడు, ఆమె మళ్లీ అందుకోగానే తగ్గుతాడు.

మరొకటి. అతనిలా వాయించడానికి అతనిలా బతకాలని నమ్మే కుర్రాళ్లను ఈ ఊళ్లోనే చూశాను. మానసిక అనారోగ్యం, మద్యం, మాదకద్రవ్యాలు కలిసి ఆ మనిషిని 35 ఏళ్లకే, 1987లో, ఒక క్లబ్బు బయట తగిలిన దెబ్బలతో పోయే స్థితికి తెచ్చాయి. అతని గొప్ప రికార్డింగులలో చాలా భాగం ఆ స్థితి రాకముందువి.

నాలుగో తీగ

అందరికీ కృతజ్ఞతలు. ‘త’ మీద మీటి ‘క’ మీద ఆపడం మూడు రోజులుగా చేస్తున్నాను. నా స్వరాలన్నీ దాదాపు ‘మి’ దాకా సాగుతున్నాయని రికార్డు చేసి విన్నాకే తెలిసింది. ఒక చిన్న సందేహం. నా పాత బేస్‌కు ఫ్రెట్లు పీకించి ఫ్రెట్‌లెస్‌గా మార్చుకోవడం చవక కదా? జాకో కూడా తన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌కు అలాగే చేశానని చెప్పుకున్నాడట.

పాత కోడంబాకం

చవకే, కానీ తరువాతి పని కూడా విను. అతను రౌండ్‌వౌండ్ తీగలు, అంటే పైన గుండ్రటి తీగ చుట్టి గరుకుగా ఉండేవి, వాడేవాడు. అవి ఫ్రెట్లు లేని చెక్కను ఆకురాయిలా అరగదీస్తాయి కాబట్టి దాని మీద పడవలకు పూసే ఎపాక్సీ పూశాడు, ఆ గట్టి పూత వల్లనే ఆ గానం చేసినట్టుండే నాదం వచ్చింది. ఫ్లోరిడా సముద్రతీరపు తేమకు అతని డబుల్ బేస్, అంటే నిలబెట్టి వాయించే పెద్ద చెక్క బేస్, పగిలిపోయిందని, అందుకే ఎలక్ట్రిక్ ఫ్రెట్‌లెస్ మీద మనసు పెట్టాడని చెబుతారు. మన చెన్నై తేమ దానికి ఏమాత్రం తీసిపోదు, షోలింగనల్లూరులో నీకు సముద్రం మరీ దగ్గర. పాత బేస్‌ను అలాగే ఉండనివ్వు, వాయించాక తీగలు పొడిబట్టతో తుడిచి పెట్టె మూసెయ్యి. ‘మి’ నుంచి ‘ధి’కి వచ్చిన రోజున మీ డ్రమ్మర్ ఏమన్నాడో ఇక్కడ రాయి.