ఫ్రోజెన్ సెక్షన్లను (గడ్డకట్టించి కోసిన పలుచని కణజాలపు పొరలను) తేమ పట్టకుండా గుంటూరు నుంచి హైదరాబాద్ తీసుకెళ్లడం ఎలా?

నమస్కారం. మాది గుంటూరు. కిడ్నీ కణజాలంలో కొవ్వు ఎక్కడ పేరుకుంటుందో ఇన్‌ఫ్రారెడ్ నానో మైక్రోస్కోపీతో చూడడం నా పీహెచ్‌డీ. లేజర్ పల్స్ పడ్డచోట కణజాలం వేడెక్కి రవ్వంత ఉబ్బుతుంది, ఆ కదలికను ఏఎఫ్‌ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్) సూది పట్టుకుంటుంది. మామూలు ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ శోషణను కొలిచే పద్ధతి) కొన్ని మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది. ఇందులో పదుల నానోమీటర్ల వివరం కనిపిస్తుంది.

పారాఫిన్ బ్లాకులు (మైనంలో పొదిగిన కణజాలం) వాడితే మైనం తీయడానికి జైలీన్ అనే ద్రావణిలో ముంచాలి. దాంతో నాకు కావలసిన కొవ్వే చాలావరకు కరిగిపోతుంది! అందుకే ఫ్రోజెన్ సెక్షన్లు. ఇక్కడే కోయించి, కాల్షియం ఫ్లోరైడ్ కిటికీల (ఇన్‌ఫ్రారెడ్‌ను దాటనిచ్చే పలకల) మీద పెట్టి, డ్రై ఐస్‌లో హైదరాబాద్ తీసుకెళ్లాను. మే నెల. పెట్టె తెరవగానే సెక్షన్ల మీద తేమ చేరింది. ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటంలో నీటి శోషణ 1640 సెం.మీ⁻¹ దగ్గర, ప్రోటీన్లను చూపే అమైడ్-1 అనే శోషణ పట్టీ 1650 దగ్గర. రెండూ కలిసిపోయాయి. సరే, ఆరనిచ్చాను. ఆరాక పగుళ్లు, ఉప్పు స్ఫటికాలు.

ఇవి రోగులు నమ్మి ఇచ్చిన బయాప్సీ ముక్కలు, మళ్లీ అడగలేను. అదే నా టెన్షన్.

ఇక్కడే వాక్యూమ్‌లో ఆరబెట్టి, సిలికా జెల్‌తో సీల్ చేసి తీసుకెళ్లవచ్చా? లేక మూత తీయకుండా గది వేడికి వచ్చేదాకా ఆగితే చాలా? ఉప్పు పోవడానికి కడిగితే కొవ్వు చెదురుతుందా? ఈ పని స్వయంగా చేసినవాళ్లు ఎవరైనా దయచేసి చెప్పండి.