హార్మనీ, రాపో, అకార్డ్, కన్సెన్సస్: ఎక్కడ ఏది వాడాలి?

అమలాపురం ట్యూషన్:
నమస్కారమండీ. సాయంత్రాలు డిగ్రీ పిల్లలకి పోటీ పరీక్షల ఇంగ్లీష్ చెప్తుంటాను. సినానిమ్స్ లిస్టులో ఈ నాలుగూ ఒకే లైన్లో ఉంటాయి, దాంతో దేని బదులు దేన్నైనా పెట్టేయొచ్చనుకుంటున్నారు పిల్లలు. దాళ్వా (రెండో పంట వరి) నీళ్ల మీద పేరా రాయమంటే ఒకమ్మాయి, ఎగువ రైతులూ కాలువ చివరనుండే శివారు రైతులూ మీటింగ్ పెట్టుకుని హార్మనీకి వచ్చారని రాసింది. తప్పని తెలుస్తోంది గానీ ఎందుకు తప్పో బుర్రకెక్కేలా ఎలా చెప్పాలి? బట్టీ పట్టించడం నాకు అస్సలు ఇష్టం లేదండి.

శివారు భూమి:
ఆ పేరాతోనే చెప్పేయండి టీచర్ గారూ. గోదావరిలో నీళ్లు తగ్గి వంతులవారీ పెట్టినప్పుడు, ముందు శివారుకి వదలాలి, ఆ తర్వాతే పైవాళ్లు తూములు ఎత్తుకోవాలి అని పదిమంది కూర్చుని తేల్చుకుంటారు చూడండి, అది కన్సెన్సస్. ‘రీచ్ ఎ కన్సెన్సస్’ అంటాం. ఏకగ్రీవమే అవ్వక్కర్లేదు, పైవాళ్లలో ఒకరిద్దరికి లోపల గుర్రుగా ఉన్నా సరే కానివ్వండి అంటే చాలు.

రాపో వేరే. కాలువ నీళ్లు చూసుకునే లస్కర్ గట్టు మీద సైకిల్ ఆపి "ఏవండీ, మీ చేలోకి తడి అందిందా" అంటాడు, రైతు కూడా "రాత్రి ఎవరో బోదె కాలువకి అడ్డం కట్టేశారండి" అని భయం లేకుండా చెప్పేస్తాడు. మీటింగూ లేదు సంతకమూ లేదు, ఆ ఇద్దరి మధ్య మాట సులువుగా నడుస్తోంది, అంతే. రేపు నీళ్ల దగ్గర మాటామాటా అనుకున్నా రాపో పోవాలని లేదు. ‘బిల్డ్ రాపో’, ‘రాపో విత్’ అని వాడించండి. చివరి టి పలకదండి, ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాట, ఇంటర్వ్యూల్లో చాలామంది రాపోర్ట్ అనేస్తున్నారు.

అకార్డ్ అంటే పెద్ద స్థాయి ఒప్పందం. ఈజిప్టు, ఇజ్రాయెల్ మధ్య 1978 క్యాంప్ డేవిడ్, మన దగ్గర 1985 అస్సాం ఒప్పందం లాంటివి. బోదె నీళ్ల కాగితానికి అగ్రిమెంట్ చాలు.

క్వయర్ ఆల్టో:
హార్మనీ సంగతి నేను చెప్తా. మా చర్చిలో అందరం ఒకే వరస పాడితే అది యునిసన్, సొప్రానో ఆల్టో టెనర్ బేస్ ఎవరి స్వరం వాళ్లు పాడుతూ అన్నీ కలిసి వినసొంపుగా ఉంటేనే హార్మనీ. అంటే తేడాలుండాలి, ఆ తేడాలు ఒకదానికొకటి అడ్డం రాకూడదు. గ్రీకులో ఆ మాటకి మూలం అతుకు, జోడింపు అనే అర్థం. అందుకే ఆ అమ్మాయి వాక్యం అతకలేదు. మీటింగ్‌లో తేలేది నిర్ణయం, హార్మనీ రోజూ బతికే తీరు. ‘లివ్ ఇన్ హార్మనీ’ అంటాం, ఒక సాయంత్రం కూర్చుని తేల్చేసుకునేది కాదు.

అమలాపురం ట్యూషన్:
ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ, రేపే చెప్పేస్తా. మరి అండర్‌స్టాండింగ్? పిల్లలు అన్నిటికీ అదే వాడేస్తారు.

శివారు భూమి:
మ్యూచువల్ అండర్‌స్టాండింగ్ అంటే ఒకరి ఇబ్బంది ఒకరికి తెలియడం, మంచి మాటే. కానీ ‘దే హేవ్ ఏన్ అండర్‌స్టాండింగ్’ అని ముందు ఏన్ చేరిందంటే, కాగితం మీద పెట్టకుండా వాళ్లలో వాళ్లు అనుకున్న ఒప్పందం అని అర్థం, సందర్భాన్ని బట్టి లోపాయికారీ అని కూడా వస్తుంది. ఊరి పెద్దల గురించి రాసేటప్పుడు ఆ చిన్న ముక్క చూసుకోమనండి.