మార్కెట్ మారితే రైతు మారాల్సిందేనా?

సాగుబాట:
రేటు పడినప్పుడల్లా ఆదుకోమని అడగడం కన్నా సాగు మార్చుకోవడమే దారి అని నా వాదన. న్యూజిలాండ్‌లో 1984లో రైతులకిచ్చే రాయితీలు దాదాపు అన్నీ ఎత్తేయడం మొదలుపెట్టారు. అప్పటికి గొర్రెల పెంపకందారుల ఆదాయంలో 40 శాతం దాకా ఆ డబ్బే. వేలమంది పొలాలు పోగొట్టుకుంటారని భయపడ్డారు. పోయింది నూటికి ఒక్కరే. 1982లో 7 కోట్లున్న గొర్రెలు ఇవాళ మూడో వంతే. వాటి చోట పాడి, జింకల పెంపకం, ద్రాక్షతోటలు, కలప చెట్లు వచ్చాయి. మారినవాళ్లు నిలబడ్డారు.

ఎర్రనేల:
నూటికి ఒక్కరన్న లెక్క ఎవరిది? అప్పులవాళ్లు అమ్మించిన పొలాలేనా? అంతకుముందే వచ్చినకాడికి తెగనమ్ముకుని వెళ్లిపోయినవాళ్లు అందులో ఉన్నారా?

పిల్లకాలువ:
మంచి చర్చ. చదువుతున్నా.

సాగుబాట:
బలవంతపు అమ్మకాల లెక్కే అది. అయితే ఏమైంది? మొత్తం మీద వ్యవసాయం కుప్పకూలలేదు కదా.

ఎర్రనేల:
ఏమైందంటారేంటండీ? వెళ్లిపోయినవాణ్ణి లెక్కలోంచి తీసేస్తే మిగిలినవాళ్లంతా మొనగాళ్లే. ఆ ఒక్క అంకె మీదే మీ వాదనంతా నిలబెట్టారు.

సాగుబాట:
ఒక్క అంకె పట్టుకుని వేలాడుతున్నది మీరు. పాతదే పట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను. మా నాన్న ఇరవై రెండేళ్లు ఒకటే పంట వేశారు. ఆఖరి ఏడు రేటొస్తుందని గోదాములో పెట్టి ఎదురుచూశారు. అద్దె పెరిగింది, వడ్డీ పెరిగింది, పురుగు పట్టింది. చివరి బస్తా మూతి విప్పి చెయ్యి పెడితే పిండే వచ్చింది. ఆ ఏడే నేను కాలేజీ మానేశాను. మారమని ఆయనకి గట్టిగా చెప్పినవాళ్లే లేరు.

తులసికోట:
చెప్పి ఉంటే ఏం వేసేవారు తమ్ముడూ? ఆ ఏడు రేటున్నదే కదా. అందరూ అదే చూసి అదే వేస్తారు, కోతకొచ్చేసరికి సరుకు పోటెత్తి ధర పడిపోతుంది. మరుసటి ఏడు ఎవరూ వేయరు, మళ్లీ పెరుగుతుంది. 1930ల్లోనే ఆర్థికవేత్తలు దీనికి సాలెగూటి సిద్ధాంతం అని పేరు పెట్టారు.

ఎర్రనేల:
పశువులైతే మరీ ఘోరం. మూడేళ్ల కిందట వాన లేదు, మేత లేదు, పదకొండు చూడి ఆవులు అమ్ముకున్నాను. అందరూ ఆ వారమే తోలుకొచ్చారు, సగం ధర కూడా రాలేదు. మరుసటి ఏడు వానలు పడ్డాయి, పాలకి రేటూ వచ్చింది. కొట్టంలో మాత్రం పలుపులు గుంజలకి వేలాడుతున్నాయి. పుట్టిన పెయ్య తొలిసారి ఈనాలంటే రెండు మూడేళ్లు పడుతుంది, అందులో తొమ్మిది నెలలు మోయడానికే. రేటు వారంలో మారుతుంది, మంద మారదు.

సాగుబాట:
అందుకని మారొద్దంటారా? మీలాంటి మాటలు విని విని మా నాన్న పోయారు.

పిల్లకాలువ:
ఇద్దరూ కాస్త తగ్గండి, దయచేసి.

ఎర్రనేల:
మీ నాన్నగారి సంగతి విని బాధేసింది. కానీ మారొద్దని నేనెక్కడన్నాను? మూడుసార్లు మారాను, మూడుసార్లూ ఎవరో చెబితేనే. నష్టం వచ్చినప్పుడు చెప్పినవాళ్లలో ఒక్కరూ రాలేదు. తోట పెడితే కాపుకొచ్చేదాకా ఆ ఏళ్లు ఇల్లెలా గడవాలి? మీరు చెప్పిన న్యూజిలాండ్‌లోనే రైతుల అప్పుల్లో కొంత కొట్టేశారు, సాగు మానేసేవాళ్లకి డబ్బిచ్చి పంపారు. ఆ ముక్క మీ మొదటి పోస్టులో లేదే?

సాగుబాట:
లేదు. రాయాల్సింది. కానీ ఆ సాయం ఒక్కసారికి, మారడానికో తప్పుకోవడానికో ఇచ్చింది. పాతదే సాగదీయడానికి కాదు. నా గొడవంతా అదే.

ఎర్రనేల:
ఆ మాట ముందే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. మారే ఏళ్లకి ఆసరా ఉండాలంటే నాకు పేచీ లేదు. ఒక్కసారే అంటే మాత్రం ఒప్పుకోను. వాన ఒక్కసారే ఎగ్గొడుతుందా?

తులసికోట:
నా మట్టుకు నేను కొత్తది ఏదైనా ఐదో వంతు నేలలోనే వేస్తాను. కోతకి ముందే మూడో వంతు సరుక్కి ధర ఖాయం చేసుకుంటాను. రేటు పెరిగిన ఏడు ఆ మూడో వంతు మీద నష్టపోయాను, అయినా మాట తప్పలేదు. పశువుల విషయంలో మేత లెక్క వాన తప్పిన మొదటి నెలలోనే వేసుకోవాలి. ముందు వట్టిపోయినవీ మగదూడలూ తోలేస్తే చూడి ఆవులు మిగులుతాయి.

ఎర్రనేల:
వట్టిపోయినవి అంతకుముందు ఏడే అమ్మేశానమ్మా.